గేజ్‌లో 6 పీఎస్ఐ కనిపిస్తున్నా ఇంజన్‌కు పెట్రోలు చాలకపోతే

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఆస్టిన్ దగ్గర ఉంటాం. నిరుడు 24 అడుగుల పాత స్పీడ్ బోటు ఒకటి కొన్నాను. షెవీ బిగ్ బ్లాక్ ఇంజన్, 8.2 లీటర్లు (502 ఘనపుటంగుళాలు). హాలీ కంపెనీ నాలుగు బ్యారెళ్ల కార్బురేటరు, ఇంజనే తిప్పే మెకానికల్ పెట్రోలు పంపు. క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) మార్చారని, 500 హార్స్‌పవర్ వస్తుందని అమ్మినాయన చెప్పాడు. లేక్ ట్రావిస్‌లో 4,200 ఆర్‌పీఎం దాకా హాయిగా వెళ్తుంది. థ్రాటిల్ పూర్తిగా తోస్తే 5,000 అందుకుంటుంది కానీ 12–15 సెకన్లు గడిచేసరికి దానంతటదే 4,400కు జారుతుంది. కాస్త వెనక్కి లాగితే మళ్లీ మామూలే. ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, కాయిల్ మార్చాను. మెకానిక్ గేజ్ పెట్టి చూసి, ఐడిల్‌లో (లోడు లేకుండా ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా) 6 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 6 పౌన్ల ఒత్తిడి) ఉంది కాబట్టి పెట్రోలు బాగానే అందుతోందన్నాడు. మా బావమరిది పెద్ద ఎలక్ట్రిక్ పంపు వేసేయమంటున్నాడు. ఏ గేజ్‌లు పెట్టుకోవాలి, ఎక్కడ పెట్టాలి, ఎంత చూపిస్తే భయపడాలి?

సమాధానం: మీ మెకానిక్ చూసిన అంకె తప్పు కాదు, చూసిన సమయం తప్పు. ఐడిల్‌లో ఈ ఇంజన్ గంటకు రెండు గ్యాలన్లు కూడా తాగదు. పూర్తి థ్రాటిల్‌లో ఎంత తాగుతుందో లెక్క కట్టండి. టర్బో, సూపర్‌ఛార్జర్ లేని పెట్రోలు ఇంజన్‌కు ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు అర పౌను పెట్రోలు కావాలి. 500 హార్స్‌పవర్‌కు 250 పౌన్లు. అమెరికన్ గ్యాలన్ పెట్రోలు బరువు 6.1 పౌన్ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి అది గంటకు 41 గ్యాలన్లు, అంటే 155 లీటర్లు. నిమిషానికి రెండున్నర లీటర్లకు పైమాటే. గొట్టంలో ప్రవాహం రెట్టింపైతే ఇరుకు దగ్గర పోయే ఒత్తిడి దాదాపు నాలుగింతలవుతుంది. ఐడిల్‌కూ పూర్తి థ్రాటిల్‌కూ మధ్య ప్రవాహం ఇరవై రెట్లు పెరుగుతుంటే, ఐడిల్‌లో కనబడని ఇరుకు పూర్తి థ్రాటిల్‌లో ఇంజన్ పీక నొక్కేస్తుంది.

మీరు రాసిన లక్షణాల్లోనే సగం జవాబుంది. ఇగ్నిషన్ లోపమైతే 5,000 దగ్గర వెంటనే తడబడుతుంది, పన్నెండు సెకన్లు ఆగదు. ఆ పన్నెండు సెకన్లు కార్బురేటరు బౌళ్లలో (చిన్న గిన్నెల్లో) నిలవ ఉన్న పెట్రోలు మీకు అప్పుగా ఇచ్చిన సమయం. వచ్చేదానికంటే పోయేది ఎక్కువై బౌళ్లలో మట్టం పడిపోయాక, ఇంజన్ తనకు అందుతున్న పెట్రోలుకు సరిపడే వేగానికి దిగి అక్కడ నిలబడింది. ప్రొపెల్లరుకు కావలసిన శక్తి సుమారుగా ఆర్‌పీఎం ఘనానికి అనుపాతంలో ఉంటుంది. 5,000తో పోలిస్తే 4,400 దగ్గర 70 శాతం శక్తే కావాలి. అంటే 41 గ్యాలన్లు కావలసిన ఇంజన్‌కు మీ లైను ఇస్తున్నది 28–30. పావు వంతుకు పైగా ఎక్కడో ఆగిపోతోంది.

ఇక ఆ స్థితిలో థ్రాటిల్ తోసి పట్టుకోవడం మానేయండి. కారు ఇంజన్‌కు పూర్తి లోడు కొన్ని సెకన్ల ముచ్చట. బోటు ఇంజన్ మాత్రం దిగుడు అన్నదే లేకుండా ఘాట్ రోడ్డు ఎక్కుతూనే ఉండే లారీ లాంటిది. పెట్రోలు తగ్గి గాలి–పెట్రోలు మిశ్రమం పలచబడిన ఇంజన్‌ను ఆ లోడులో నిమిషాల తరబడి నడిపితే డిటొనేషన్ (సిలిండర్లో మిశ్రమం అదుపు తప్పి పేలడం) మొదలవుతుంది. పిస్టన్ రింగుల మధ్య గట్లు విరగడం, పిస్టన్ పైభాగం కరగడం దాని ఫలితాలే.

బోటులో పెట్రోలు సరఫరాను కారు లెక్కన చూడకూడదు, అసలు తేడా ఇక్కడుంది. కారులో పంపు ట్యాంకులోనే ఉండి ఇంజన్ వైపు తోస్తుంది. అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధనల ప్రకారం పెట్రోలు ఇన్‌బోర్డు (ఇంజన్ లోపలే ఉండే) బోటులో పంపు ఇంజన్ మీదగానీ, ఇంజన్‌కు 12 అంగుళాల లోపుగానీ ఉండాలి. గొట్టం ఎక్కడైనా చిట్లితే పంపు బిల్జ్‌లోకి (బోటు అడుగు భాగంలోకి) పెట్రోలు కక్కకూడదన్నది ఉద్దేశం. దాంతో ట్యాంకు నుంచి ఇంజన్ దాకా ఉన్న గొట్టమంతా పంపు పీల్చుకోవలసిందే. పీల్చే వైపు వాతావరణ పీడనం కంటే తక్కువలో నడుస్తుంది, ఇంజన్ గది వేడిగా ఉంటుంది, టెక్సస్ పంపుల్లో దొరికే ఈ10 (ఇథనాల్ కలిపిన) పెట్రోలు తేలిగ్గా ఆవిరవుతుంది. గట్టిగా పీల్చాల్సి వస్తే గొట్టంలోనే బుడగలు పుడతాయి. బుడగను పంపు తోయలేదు. అందుకే మీ మొదటి గేజ్ పంపుకు ముందు ఉండాలి. మీ మెకానిక్ పెట్టింది తర్వాత వైపు.

నీటిని వేరుచేసే ఫిల్టరుకూ పంపు ఇన్‌లెట్‌కూ మధ్య ఒక టీ ఫిట్టింగ్ (మూడు దారుల జాయింటు) పెట్టి వ్యాక్యూమ్, అంటే పంపు ఎంత గట్టిగా పీలుస్తోందో కొలవండి. పూర్తి థ్రాటిల్‌లో కూడా 2 అంగుళాల పాదరసం, అంటే 7 కిలోపాస్కల్ దాటకూడదు. ఐడిల్‌లో దాదాపు సున్నా ఉంటుంది. 0 నుంచి 30 దాకా ఉండే మామూలు వ్యాక్యూమ్ గేజ్ మీద 2కూ 3కూ తేడా చదవలేరు, 0–10 స్కేలుది తెచ్చుకోండి. అంతకంటే మేలు, పెట్రోలుకు పనికొచ్చే ఎలక్ట్రిక్ సెన్సార్ పెట్టి తీగ మాత్రమే స్టీరింగ్ దగ్గరికి తేవడం. ఇంజన్ మూత తెరిచి తిరిగే బెల్టుల పక్కన మనిషిని కూర్చోబెట్టి 60 మైళ్ల వేగంలో గేజ్ చదివించే పద్ధతి చాలాచోట్ల చూస్తారు. ఆ పని చేయొద్దు.

వ్యాక్యూమ్ 4, 5కు ఎక్కితే ఇరుకు ట్యాంకు వైపే ఉన్నట్టు. అప్పుడు టీ ఫిట్టింగ్‌ను ఒక్కో మజిలీ వెనక్కి జరపండి. ఫిల్టరుకు ముందు పెట్టినప్పుడు అంకె పడిపోతే ఫిల్టరే దోషి. అక్కడా ఎక్కువే ఉంటే ట్యాంకు మీది పికప్ (పెట్రోలు పైకి పీల్చే గొట్టం) దగ్గరికి పోవాలి. ట్యాంకు నుంచి గొట్టం మొదలయ్యేచోట యాంటీ సైఫన్ వాల్వ్ ఉంటుంది, లోపల స్ప్రింగు మీద ఒక గుండు. తుప్పు పట్టినా చెత్త ఇరుక్కున్నా అది సగమే తెరుచుకుంటుంది. పాత బోట్లలో ఈ జబ్బుకు మొదట అనుమానించాల్సింది దాన్నే. కొందరు ఆ గుండును తీసి పారేస్తారు. గొట్టం తెగినప్పుడు ట్యాంకులోని పెట్రోలంతా దానంతటదే బిల్జ్‌లోకి కారకుండా ఆపేది ఆ గుండే కాబట్టి పాతది తీసి కొత్తది వేయండి. మీ గొట్టం సైజుకు తగిన, ఎక్కువ ప్రవాహం ఇచ్చే రకం అడగండి. ఖర్చు పెద్దగా ఉండదు.

అదీ బాగుంటే పికప్ గొట్టం చివరి జల్లెడ చూడండి. తర్వాత గొట్టం. ఇథనాల్ పడని పాత గొట్టాల్లో లోపలి పొర ఊడి, పీల్చినప్పుడల్లా లోపలికి వాలి దారి మూస్తుంది. బయటినుంచి చూస్తే గొట్టం కొత్తదానిలా ఉంటుంది, ఊదితే గాలి కూడా పోతుంది. వయసు తెలియని గొట్టాన్ని పరీక్షిస్తూ కూర్చోవడం కంటే మార్చేయడమే నయం. గొట్టం మీద కోస్ట్ గార్డ్ గుర్తు యూఎస్‌సీజీ టైప్ ఏ1-15 అని అచ్చు ఉండాలి. సైజు గురించి ఒక మాట: 3/8 అంగుళం గొట్టం మామూలు ఇంజన్లకు కనీసం. 500 హార్స్‌పవర్‌కు, అదీ ట్యాంకు దూరంగా ఉన్న 24 అడుగుల బోటులో, 1/2 అంగుళం వేయండి. గొట్టం మార్చి 3/8 ఫిట్టింగులే ఉంచితే పెట్టిన ఖర్చు దండగే. బార్బు (గొట్టం తొడిగే ఫిట్టింగు కొస) లోపలి రంధ్రం గొట్టం కంటే చిన్నది. 90 డిగ్రీల ఇత్తడి ఎల్బోలు మూడు నాలుగు ఉంటే వాటి దగ్గరే మీ 2 అంగుళాలూ ఖర్చయిపోతాయి.

ట్యాంకు గాలి గొట్టం మూసుకుపోవడం మరో సంగతి. టెక్సస్‌లో మట్టి గూళ్లు కట్టే కందిరీగలకు బోటు పక్కనుండే ఆ చిన్న రంధ్రమంటే మహా ఇష్టం. కానీ ఆ లోపం నిమిషాల మీద ముదురుతుంది. నిండు ట్యాంకుతో త్వరగా, సగం ట్యాంకుతో ఆలస్యంగా బయటపడుతుంది. ప్రతిసారీ సరిగ్గా 12–15 సెకన్లకే జారుతోందంటే దానిమీద నాకు పెద్ద అనుమానం లేదు. అయినా పెట్రోలు మూత వదులు చేసి ఒక్క పరుగు తీసి చూడండి, పైసా ఖర్చు లేదు.

టీలూ సెన్సార్లూ కొనేముందు చేయదగ్గ పరీక్ష ఒకటుంది. 6 గ్యాలన్ల పోర్టబుల్ ట్యాంకు తెచ్చి, బోటు ట్యాంకును వదిలేసి దానితో ఇంజన్ నడపడం. జబ్బు పోతే లోపం బోటు వైపు, పోకపోతే పంపులోనో ఆ పైనో. 41 గ్యాలన్ల లెక్కన ఆ ట్యాంకు పూర్తి థ్రాటిల్‌లో తొమ్మిది నిమిషాలు కూడా రాదు, పరీక్షకు అది చాలు. ఇక్కడ చాలామంది పడే గోతి, ఔట్‌బోర్డు (బోటు వెనక తగిలించే) మోటారుకు వాడే సన్న గొట్టం, నొక్కుడు బల్బు, క్విక్ కనెక్టరుతోనే కలపడం. 41 గ్యాలన్లు అందులో దూరవు. జబ్బు అలాగే ఉండిపోయి, బాగున్న పంపును మార్చేస్తారు. 1/2 అంగుళం గొట్టంతో నేరుగా కలపండి. ట్యాంకును ఇంజన్ గది బయట కదలకుండా కట్టండి, గొట్టం ఎగ్జాస్ట్‌కు తగలకూడదు. గొట్టం విప్పి బిగించిన ప్రతిసారీ బిల్జ్ బ్లోయర్ కనీసం నాలుగు నిమిషాలు నడిపి, మూత తెరిచి వాసన చూసి గానీ స్టార్ట్ చేయొద్దు. అగ్నిమాపక సిలిండరు చేతికందేలా ఉండాలి.

ఇప్పుడు తోసే వైపు. ప్రెషర్ సెన్సార్ కార్బురేటరు ఇన్‌లెట్‌కు వీలైనంత దగ్గర ఉండాలి. డాష్‌బోర్డు గేజ్‌కు పెట్రోలు గొట్టమే లాగే మెకానికల్ రకం బోటులో వద్దేవద్దు, కూర్చునే చోటికి పెట్రోలు రాకూడదు. ఎలక్ట్రిక్ సెండర్ (తీగతో గేజ్‌కు అంకె పంపే సెన్సార్) వాడండి. అది ఇగ్నిషన్ ప్రొటెక్టెడ్ రకమై (పెట్రోలు ఆవిరికి నిప్పు అంటించనిదై) ఉండాలి. సెండర్‌ను ఇత్తడి నిపుల్ మీద వేలాడదీస్తే అదురుకు నిపుల్ పగిలి వేడి ఇంజన్ మీద పెట్రోలు చిమ్ముతుంది. ఇంజన్ గది గోడకు బిగించి, చిన్న వంగే గొట్టంతో లైనుకు కలపండి. కార్బురేటరుకు 0–15 పీఎస్ఐ గేజ్ కొనండి, 0–100 మీద ఒక పీఎస్ఐ ముల్లు మందం కూడా ఉండదు. ఇంజన్ మీద బిగించే ద్రవం నింపిన గేజ్‌లను వేడి ఇంజన్ గదిలో నమ్మకండి. లోపలి ద్రవం వేడెక్కి డబ్బాలో ఒత్తిడి పెరిగితే ముల్లు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

ఐడిల్‌లో 6–7 ఉండాలి, పూర్తి థ్రాటిల్ 20 సెకన్లు పట్టినా 4.5 కంటే దిగకూడదు. 8 దాటడమూ మంచిది కాదు, బౌల్‌లోకి పెట్రోలును ఆపే నీడిల్ వాల్వ్ మూసుకోలేక బౌల్ పొంగుతుంది, పెట్రోలు సిలిండర్లలోకి దిగి ఆయిల్‌ను పలచన చేస్తుంది.

రెండు గేజ్‌లనూ కలిపి చదివితేనే అసలు కథ తెలుస్తుంది. ఒత్తిడి పడి, వ్యాక్యూమ్ ఎక్కితే ట్యాంకు వైపు ఇరుకు. ఒత్తిడి పడినా వ్యాక్యూమ్ పెరగకపోతే రెండు దారులున్నాయి: పంపు అరిగిపోయి ఉండాలి, లేదా పీల్చే వైపు ఎక్కడో గాలి చొరబడుతుండాలి. గాలి వస్తుంటే వ్యాక్యూమ్ నిలవదు, పెట్రోలు కారకపోవచ్చు కూడా. వదులు క్లాంపు, ఫిల్టరు పైన ఎండిపోయిన రబ్బరు రింగు, థ్రెడ్ సీలెంట్ లేని ఫిట్టింగు చూడండి. పంపుకు ముందు అడుగు పొడవు పారదర్శకమైన పెట్రోలు గొట్టం పెట్టి డాక్‌కు కట్టిన బోటులో నడిపితే బుడగలు కళ్లకు కనిపిస్తాయి. పరీక్ష కాగానే దాన్ని తీసేయాలి, అది మంటకు ఆగే గొట్టం కాదు.

గేజ్‌లు చూపే మూడో పరిస్థితి చాలామందిని బోల్తా కొట్టించేది. ఒత్తిడి 6 దగ్గర స్థిరంగా ఉంది, వ్యాక్యూమ్ తక్కువే, అయినా ఇంజన్ జారుతోంది. అంటే అడ్డు గేజ్‌కు అవతల ఉంది. కార్బురేటరు ఇన్‌లెట్ నట్టు వెనక వేలి కొస అంత కంచు ఫిల్టరు కొన్ని కార్బురేటర్లలో ఉంటుంది, దాన్ని మరిచిపోయి ఏళ్లు గడుస్తాయి. అది మూసుకుపోతే దాని ముందున్న గేజ్ భేషుగ్గా చూపిస్తుంది. తర్వాత ఫ్లోట్ (బౌల్‌లో తేలే బెండు) మట్టం, నీడిల్ సీట్ (నీడిల్ వాల్వ్ కూర్చునే రంధ్రం) సైజు చూడండి. హాలీలో సాధారణంగా వచ్చే 0.110 అంగుళాల సీట్ ఈ ఇంజన్‌కు సరిపోతుంది, అంతకంటే చిన్నది ఎవరైనా వేశారేమో చూస్తే చాలు.

మీ బావమరిది సలహా ఇందుకే ఇప్పుడు వద్దంటున్నాను. ఇరుకు పీల్చే వైపు ఉంటే పెద్ద పంపు ఇంకా గట్టిగా పీలుస్తుంది, ఇంకా బుడగలు పుట్టిస్తుంది, జబ్బు ముదురుతుంది. పంపే అరిగిందని తేలితే బోటు కోసం చేసిన రెండు డయాఫ్రమ్‌ల (పెట్రోలును తోసే వంగే పొరల) మెకానికల్ పంపు వేయండి. లోపలి డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు బిల్జ్‌లోకి పోకుండా సన్నటి గొట్టం ద్వారా కార్బురేటరు వైపు వెళ్తుంది. కారు విడిభాగాల కొట్లో దొరికే, చూడ్డానికి అలాగే ఉండే పంపుకు ఆ ఏర్పాటు లేదు. ఎలక్ట్రిక్ పంపే కావాలనుకుంటే అది ఇంజన్ స్టార్ట్ అవుతున్నప్పుడు, నడుస్తున్నప్పుడు మాత్రమే తిరగాలన్నది నియమం. ఆయిల్ ప్రెషర్ స్విచ్ ద్వారా కరెంటు ఇవ్వాలి. బిగించాక దాని సామర్థ్యాన్ని డబ్బా మీది అంకెతో కాక కొలిచి చూసుకోండి. పని చేయాల్సిన ఒత్తిడి దగ్గరే 30 సెకన్లు క్యాన్‌లోకి పట్టిస్తే మీకు 1.3 లీటర్లు కావాలి, కొంత మిగులుతో 1.6 వస్తే నిశ్చింత. పంపు టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ కూడా చూడండి. 13.5 వోల్టుల దగ్గర లెక్కించిన పంపుకు సన్న తీగల వల్ల 11.5 అందితే ప్రవాహం బాగా పడిపోతుంది.

ఈ రెండు గేజ్‌లతో సరఫరా సరిచేశాకే ఎగ్జాస్ట్‌లో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి మిశ్రమాన్ని చెప్పే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ సంగతి. అది జెట్‌లు (కార్బురేటరులో పెట్రోలును కొలిచి వదిలే రంధ్రాలు) ఎంచుకోవడానికి పనిముట్టు. సరఫరా చాలనప్పుడు మిశ్రమం పలచబడిందని మాత్రం చెబుతుంది, ఎందుకో చెప్పదు. కొందరు దాన్ని చూసి పెద్ద జెట్‌లు వేస్తారు, బౌల్ ఇంకా త్వరగా ఖాళీ అవుతుంది. సూపర్‌ఛార్జర్ లేని మీ ఇంజన్‌కు పూర్తి థ్రాటిల్‌లో గాలి–పెట్రోలు నిష్పత్తిని 12.5 దగ్గర, అంటే లాంబ్డా 0.85, ఉంచండి. క్రూజింగ్‌లో 13–13.5 చాలు. కారులాగా పొదుపు కోసం ఇంకా పలచబరచకండి. బోటులో చిక్కు ఏమిటంటే ఎగ్జాస్ట్‌లో నీళ్లు కలుస్తాయి, సెన్సార్ ఆ కలిసేచోటికి ముందే ఉండాలి. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డుకూ రైజరుకూ (దాని మీది పొగ గొట్టానికీ) మధ్య సెన్సార్ రంధ్రమున్న స్పేసర్ వేసుకోవచ్చు. మీ క్యామ్ మార్చినది కాబట్టి ఐడిల్‌లో ఎగ్జాస్ట్ వెనక్కి కొట్టి నీటి తుంపర్లు సెన్సార్‌ను పగలగొట్టే ప్రమాదం ఎక్కువ. ట్యూనింగ్ అయ్యాక తీసి ప్లగ్గు బిగించండి. కరెంటు లేకుండా ఎగ్జాస్ట్‌లో వదిలేసినా మసి పట్టి చస్తుంది. ఒక సిలిండరు మిస్‌ఫైర్ అయితే కాలని ఆక్సిజన్ వల్ల కూడా అది పలచన అనే చూపిస్తుంది, గుర్తుంచుకోండి. పాతకాలం పద్ధతిలో పూర్తి వేగంలో ఇంజన్ కట్టేసి ప్లగ్గుల రంగు చూడటం బోటుకు నప్పదు. వెనక అల వచ్చి ఎగ్జాస్ట్‌లోకి నీళ్లు తోయగలదు.

ఫ్లో మీటరు మీకిప్పుడు అక్కర్లేదు. ఇంజెక్షన్ ఇంజన్ల తెరమీద కనిపించే గంటకు ఇన్ని గ్యాలన్లు అన్న అంకె గురించి మాత్రం తెలుసుకోండి. చాలా ఇంజన్లలో అది కొలిచింది కాదు, ఇంజెక్టర్లు ఎంతసేపు తెరిచి ఉన్నాయో చూసి కంప్యూటరు వేసిన లెక్క. ఒత్తిడి పడిపోయి పెట్రోలు రాకపోయినా అది నిండుగానే చూపిస్తుంది. రేపు ఇంజెక్షన్‌కు మారితే కూడా ప్రెషర్ సెన్సార్ తీసేయకండి.

పరుగు తీసేటప్పుడు 3,000, 3,500, 4,000, 4,500, ఆపై పూర్తి థ్రాటిల్ దగ్గర వ్యాక్యూమ్, ఒత్తిడి రెండూ రికార్డు చేయండి. డాష్‌బోర్డు వైపు ఫోన్ కెమెరా తిప్పి పెడితే సరి, నడిపేవారి కళ్లు నీటి మీదే ఉండాలి. పూర్తి థ్రాటిల్‌లో ఒత్తిడి 4.5కు రాగానే వెనక్కి లాగేయండి, 4,400కు జారేదాకా చూడాల్సిన పనిలేదు. లోపం సరిచేశాక ఆ అంకెలను ఒక కాగితం మీద రాసి బోటులోనే ఉంచండి. వచ్చే సీజన్‌లో వ్యాక్యూమ్ ఒకటి నుంచి రెండుకు పెరిగితే ఫిల్టరు మార్చే వేళ అయిందని, ఆర్‌పీఎం పడకముందే తెలుస్తుంది. అలలమీద గెంతే బోటులో ముల్లు చదవడం కష్టం కాబట్టి, 4 పీఎస్ఐ దగ్గర వెలిగే ప్రెషర్ స్విచ్ పెట్టి స్టీరింగ్ ఎదురుగా ఒక ఎర్ర దీపం బిగించండి. గేజ్ కంటే ఆ దీపమే ఎక్కువసార్లు ఇంజన్‌ను కాపాడుతుంది.

ఇదంతా పెట్రోలు ఇంజన్లకే. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లోని మరబోట్ల డీజిల్ ఇంజన్లకు ఈ అంకెలు పనికిరావు. అక్కడ వాడగా మిగిలిన డీజిల్ ట్యాంకుకు తిరిగి వెళ్తుంది కాబట్టి రాకనూ పోకనూ రెండింటినీ కొలిచి తీసివేయాలి.

విడిభాగాలు వచ్చేదాకా బోటును గట్టుకెక్కించనక్కర్లేదు. 3,500 ఆర్‌పీఎం దాటకండి. పిల్లల్ని ట్యూబ్ మీద కూర్చోబెట్టి లాగడానికి అంతకంటే ఎక్కువ అవసరం కూడా లేదు.